లిఫ్టూ, తడి స్పూనూ

లిఫ్టు ఆగిపోయి ఇవాళ్టికి మూడో రోజు. అసోసియేషన్ గ్రూపులో రోజూ పొద్దున్నే "మెకానిక్ వస్తున్నాడు" అని ఒక మెసేజ్, దాని కింద పాతిక దండాల బొమ్మలు. మెకానిక్ మాత్రం రాడు. నాలుగో అంతస్తు అనగానే నీళ్ల క్యాన్ల అబ్బాయి రెండు క్యాన్లూ వాచ్‌మన్ దగ్గర దించేసి పోయాడు. మా ఆయనకి నడుము నొప్పి. ఇరవై లీటర్ల క్యాన్, మెట్టుకోసారి ఆగుతూ నేనే మోసుకొచ్చాను. పైకొచ్చేసరికి పెద్దది సోఫాలో కాళ్లు చాపుకుని 'ది బిగ్ బ్యాంగ్ థియరీ' అనే అమెరికన్ కామెడీ సీరియల్ చూస్తోంది. "అమ్మా, వీళ్ల లిఫ్టు కూడా మనలాగే" అని నవ్వింది. ఒళ్లు మండింది.

అయినా పక్కన కూలబడ్డాను. 2010లో వచ్చిన మూడో సీజన్ ఎపిసోడ్. ఏడేళ్ల కింద చాదస్తపు షెల్డన్‌కి రూమ్‌మేట్‌గా ఆ ఇంట్లో ఎలా చేరాడో, లిఫ్టు ఎలా పాడైందో లెనర్డ్ ఎదురింటి పెన్నీకి చెబుతుంటాడు. తను రాకెట్ ఇంధనం కలిపితే లెక్క తప్పుతుంది. పేలబోయే ముందు షెల్డన్ దాన్ని లిఫ్టులో పెట్టి తలుపు మూసేస్తాడు. ఢాం!

నాకు నచ్చలేదు. ఆ లిఫ్టు ఎందుకో చెప్పకుండా ఊరికే పాడై ఉన్నన్నాళ్లే బాగుంది. ఎవరికీ పట్టక అలా పడి ఉండటంలోనే ఉంది నవ్వు, మా అసోసియేషన్‌లాగే. దానికి రాకెట్ దేనికి?

అంట్లు తోముతుంటే మాత్రం మనసు మారింది. అసలు గొడవ లిఫ్టు గురించి కాదుగా. షెల్డన్ లాంటి మనిషితో ఎలా వేగుతున్నావని పెన్నీకి సందేహం. ప్రాణం కాపాడాడు, పైగా ఇంటి ఓనర్‌కి చెప్పలేదు అన్నది దానికి జవాబు. అది బాగానే కుదిరింది.

బెంగళూరు మడివాళ పీజీలో నా రూమ్‌మేట్ సీమ అక్క గుర్తొచ్చింది. బకెట్ మీద నెయిల్‌పాలిష్‌తో పేరు రాసుకునేది. గీజర్‌కి టైమ్‌టేబుల్ తలుపుకి అంటించింది. నాది 6:10 నుంచి 6:20. ఇరవై ఒకటికల్లా తలుపు దబదబా బాదేది. పచ్చడి సీసాలో తడి స్పూన్ పెట్టానని రెండ్రోజులు మాట్లాడలేదు. తడి స్పూనే! నేను కాదని ఇప్పటికీ ప్రమాణం చేస్తాను, ఆ పక్క మంచం పిల్ల పని అది. అలాంటి మనిషితో నాలుగేళ్లున్నాను. ఎందుకున్నావే అని ఎవరడిగినా నా దగ్గర ఒకటే కథ. నాకు కామెర్లొస్తే సెలవు పెట్టి, రాత్రి బస్సులో ఒంగోలు తీసుకెళ్లి, మా అమ్మకి అప్పజెప్పి, మళ్లీ ఆ రాత్రి బస్సుకే వెనక్కొచ్చింది.

ఇవాళ లెక్కేస్తే, కామెర్లొచ్చింది మూడో ఏడు. మరి ముందు రెండేళ్లు ఎందుకున్నట్టు? అద్దె తక్కువ. ఆఫీసు బస్సు మలుపులోనే ఆగేది. ఆవిడ తలుపు బాదకపోతే నేను లేచేదాన్ని కాదు. ఇవన్నీ చెబితే ఎవరు వింటారు? లెనర్డ్ కూడా పెన్నీ అడిగింది కదా అని పేలుడున్న కథ ఎంచుకున్నాడేమో. అలా అనుకుంటే ఎపిసోడ్ మళ్లీ తేలిపోతోంది. పోనీ, ఏడేళ్ల తర్వాత ఎవరైనా అంతకంటే ఏం చెబుతారు?

"ఆ సీరియల్ చివర్లో లిఫ్టు పనిచేస్తుందమ్మా" అంది పెద్దది, పడుకోబోతూ. పన్నెండు సీజన్లు పట్టిందట.

గ్రూపులో ఇప్పుడే ఇంకో మెసేజ్. స్పేర్ పార్ట్ ఆర్డర్ పెట్టారట. రెండో క్యాన్ ఇంకా కిందే ఉంది.