తుప్పు ఆపే పూతలు, పూసే మనిషి ఊపిరి

గోపాలపురం వైపు నుంచి బరంపురం మీదికి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది కనుక, ఈ ప్రాంతంలో పాత జీపునో అంబాసిడర్‌నో బాగుచేయించుకునేవారు ఇంజను కన్నా ముందు చాసిస్ గురించి, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రం గురించి దిగులు పడతారు. ఇనుము తుప్పు పట్టడానికి తేమ, ప్రాణవాయువు ఉంటే చాలు. వాటికి ఉప్పు తోడైతే ఆ చర్య మరింత వేగంగా సాగుతుంది. అందువల్ల ఏ పూత ఎక్కువ కాలం నిలుస్తుందని అడిగేవారు చాలామంది కనిపిస్తారు. ఆ పూత పూసేటప్పుడు మనిషి ఊపిరిలోకి ఏమి చేరుతుందని అడిగేవారు మాత్రం అరుదు. పర్లాకిమిడి దారిలోనూ, ఇచ్ఛాపురం దారిలోనూ ముఖానికి రుమాలు చుట్టుకుని స్ప్రే గన్ పట్టే కుర్రవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది. వారి కోసమూ, వారిచేత పని చేయించుకునే మనకోసమూ ఇది రాస్తున్నాను.

పూత డబ్బా తెరవకముందే ప్రమాదం మొదలవుతుంది. పాత వాహనాల మీద ఉన్న రంగులోనూ, దాని కింది ఎర్రటి ప్రైమరులోనూ సీసం ఉండవచ్చు. పసుపు రంగు ప్రైమరు అయితే క్యాన్సర్ కారకమైన క్రోమేట్ ఉండే అవకాశం ఉంది. మన దేశంలో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) పరిమితం చేసిన 2016 నాటి నియమాలు ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగులకే వర్తిస్తాయి కాబట్టి, బండి రంగు విషయంలో వాటిని నమ్ముకుని ధీమాగా ఉండరాదు. సీసానికి సురక్షితమైన మోతాదు ఇంత అని తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కనుక గ్రైండరుతో పొడిగా గీకడం, మంటతో రంగు కాల్చడం మానుకుని, నీళ్ళు చల్లుతూ వాటర్ పేపరుతో రుద్దాలి. ఆ బురదను తుడిచి మూటగట్టాలి, పని బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. ఇసుకను గాలి ఒత్తిడితో చిమ్మి తుప్పు రాల్చే బ్లాస్టింగ్ చేయించడం మరీ ప్రమాదకరం; ఆ ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌కు నయమయ్యే మార్గం లేదు.

ధూళిని ఆపే మాస్కు ఆవిరిని ఆపలేదు. ఈ ఒక్క సంగతి ప్రతి షెడ్డు గోడమీదా రాసిపెట్టాలని నా కోరిక. థిన్నరు ఆవిరికి బొగ్గు క్యాట్రిడ్జి (ఆవిరిని పట్టి ఉంచే వడపోత డబ్బా) ఉన్న రెస్పిరేటరు కావాలి. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కనుక, బండి కింద పని చేసేందుకు తవ్విన గుంటలో అడుగున పేరుకుంటుంది; అక్కడ మనిషికి తల తిరగడమే కాదు, ఒక్క నిప్పురవ్వకు మంట అంటుకుంటుంది. ఇక గట్టిపడేందుకు హార్డెనరు కలిపి స్ప్రే చేసే రెండు డబ్బాల పీయూ (పాలీయురెథేన్) రంగుల సంగతి వేరు. వాటిలోని ఐసోసయనేట్లు అనే రసాయనాలకు హెచ్చరించేంత వాసన ఉండదు, అందుచేత క్యాట్రిడ్జి పని అయిపోయిందని ముక్కు చెప్పలేదు. ఒకసారి ఒంటికి అవి పడకపోవడం మొదలైతే, ఆ తరువాత అతి కొద్ది మోతాదుకే ఉబ్బసం వస్తుంది. ఆ మనిషి ఆ వృత్తినే వదులుకోవలసి రావచ్చు. వీటికి బయటినుంచి శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగు తగినది, అయితే మామూలు కంప్రెసరు గాలిని నేరుగా పీల్చరాదు. అంత ఏర్పాటు లేనిచోట ఎవరికీ కనబడని చాసిస్‌కు పీయూ స్ప్రే చేయించడం అనవసరమని నా అభిప్రాయం. తుప్పు గీకి, జింకు ప్రైమరునో, చేతి తొడుగులు వేసుకుని ఎపాక్సీ అనే రెండు డబ్బాల పూతనో బ్రష్‌తో పూస్తే గాలిలోకి లేచే తుంపర దాదాపు ఉండదు, పూత కూడా మూలల్లోకి బాగా చేరుతుంది.

పని ఎప్పుడు పెట్టుకోవాలన్నది కూడా భద్రతకు సంబంధించినదే. సాధారణంగా గాలిలో తేమ 85 శాతానికి లోపు ఉండాలి, లోహపు ఉష్ణోగ్రత మంచు బిందువుకు (గాలిలోని తేమ నీటిచుక్కలుగా మారే ఉష్ణోగ్రతకు) కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి. వానాకాలంలో ఆ పరిస్థితి దొరకక షెడ్డు తలుపులు మూసి, బల్బులు వెలిగించి పూస్తారు. అంటే ఆవిరిని, వేడిని, మనిషిని ఒకేచోట బంధిస్తారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎండ ఎక్కి మంచు ఆరిన తరువాత, తలుపులు బార్లా తెరిచి పూయడం లోహానికీ మనిషికీ మంచిది. యజమాని తొందరపెట్టకుండా ఉంటేనే మేస్త్రికి ఇది సాధ్యం.

వాడేసిన ఇంజను ఆయిలును చాసిస్‌కు పూసే అలవాటు మన వైపు ఇంకా ఉంది. దానిలో క్యాన్సర్ కలిగించే పదార్థాలు చర్మానికి తగులుతాయి, రబ్బరు బుష్‌లు పాడవుతాయి, వానకు కారి చెరువుల్లోకి పోతుంది. పెట్టెలాంటి చాసిస్ లోపలి భాగాలకు క్యావిటీ వ్యాక్స్ అనే మైనం పూత పట్టించడం మేలు. అయితే నీరు కారే రంధ్రాలను అది మూసివేయకుండా చూడాలి, బ్రేకు డిస్కులకు, సైలెన్సరుకు తగలనీయరాదు. వెల్డింగు పనులన్నీ పూతకు ముందే ముగించాలి. జింకు పూత మీద వెల్డింగు చేస్తే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది, వ్యాక్స్ అయితే అంటుకుంటుంది. అవిసె నూనె కలిసిన పూతలు తుడిచిన గుడ్డలు కుప్పగా పడి ఉంటే తమంతట తామే వేడెక్కి రాజుకుంటాయి కనుక, వాటిని నీటిలో తడిపి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసిన తరువాతే షెడ్డుకు తాళం వేయాలి.