ప్యాతిగోర్స్క్‌లో అద్దె వీరత్వం

దక్షిణ రష్యాలో, కాకసస్ కొండల అంచున ఉన్న మినెరాల్నియే వోదీలో దిగి కిస్లవోద్స్క్ వెళ్లే లోకల్ ఎక్కితే దారిలోనే ప్యాతిగోర్స్క్. వేడినీటి ఊటలూ, 1841లో కవి లేర్మంతవ్ ద్వంద్వయుద్ధంలో చనిపోయిన మషూక్ కొండా అందరూ చూసేవే. నన్ను కదలనివ్వనిది పార్కులో వేషాలు అద్దెకిచ్చి ఫొటోలు తీసేచోటు. ఫొటోకి ఒక రేటు, కత్తి పట్టుకుంటే ఇంకో రేటు. అన్యాయం!

రష్యన్ తండ్రులు కొడుకులకు కజాక్ (కోసాక్, జార్ల కాలపు సరిహద్దు రౌతు) వీరుడి వేషం వేయిస్తున్నారు. లోపల నిలువు కాలరున్న బెష్మెత్ అనే కోటు. పైన చెర్కెస్కా: కాలరు లేకుండా, రొమ్ము దగ్గర తెరుచుకుని, నడుం దగ్గర బిగిసే పొడుగు కోటు. రొమ్ముకి రెండువైపులా గజీర్ గొట్టాలు. ఒక్కో దాంట్లో ఒక్క కాల్పుకి సరిపడా తుపాకిమందు కొలిచి పెట్టుకునేవాళ్లు, గుర్రం మీదే తుపాకీ నింపుకోవచ్చని. వెనక నుంచి తూటా పెట్టే తుపాకులొచ్చాక అవి ఉత్త అలంకారం. నడుం పట్టీకి ముందువైపు బాకు. భుజం మీంచి షాష్కా అనే కత్తి. దాని పిడికి చేతిని కాచే కమ్మీ ఉండదు. పదును పైకి ఉండేలా వేలాడదీయాలి, అప్పుడే ఒరలోంచి లాగిన ఊపే వేటవుతుంది. ఇక్కడ తిరగేసి కడుతున్నారు.

ఇవన్నీ కాకసస్ కొండవాళ్లవి. చెర్కెస్కా పేరులోనే ఆ కొండజాతుల్లో ఒకరైన చెర్కెస్సులున్నారు. షాష్కా అంటే వాళ్ల భాషలో పొడుగు కత్తి. 1817 నుంచి 1864 దాకా ఆ కొండజాతులతో పోరాడిన రష్యన్ సామ్రాజ్యం, లక్షలాది చెర్కెస్సులను నల్లసముద్రం దాటించి ఒట్టోమన్ రాజ్యానికి తరిమేసింది. విజయోత్సవ కవాతు జరిగిన క్రాస్నయా పొల్యానాలోనే 2014 ఒలింపిక్స్ మంచు పోటీలు పెట్టారు. తరిమేసినవాళ్ల కోటేమో కుబాన్, తేరెక్ నదుల దగ్గరి కజాకుల యూనిఫారం అయింది. చెర్కెస్సుల కత్తి 1881లో రష్యన్ అశ్వదళానికి చేరింది. మొనగాడైన రౌతుని రష్యన్‌లో 'జిగీత్' అంటారు, ఆ మాటా తుర్కిక్ భాషలదే.

మన దగ్గర తెల్లవాళ్లు 'యోధజాతుల' లెక్కలేసి, తెలుగువాళ్లు యుద్ధానికి పనికిరారని సైన్యంలోకి తీసుకోవడం తగ్గించారు. ఇక్కడ మెచ్చుకున్నవాణ్ణే తరిమేసి, వాడి మగతనాన్ని ఒంటికి తొడుక్కున్నారు. నాకు ఇదే ఎక్కువ బాధనిపించింది.

ఇదే ఊళ్లో 2010లో నిలబెట్టిన జనరల్ యెర్మోలవ్ విగ్రహం ఉంది, గుర్రం మీద. ఆ యుద్ధంలో రష్యా తరఫున చెచెన్ ఊళ్లను నాశనం చేయించినవాడు. 1818లో తాను కట్టించిన కోటకి 'గ్రోజ్నయా', అంటే భీకరం, అని పేరుపెట్టాడు. అదే నేటి చెచెన్యా రాజధాని గ్రోజ్నీ. పిల్లవాడికి నేర్పే మగతనంలో ఈ జనరల్ కాఠిన్యమూ ఉంది, అతను చంపించినవాళ్ల దర్జా కూడా ఉంది.

పార్కులో ఓ కుర్రాడికి గొర్రెతోలు టోపీ కళ్లమీదికి జారుతోంది. తండ్రి దాన్ని సరిచేసి, నవ్వొద్దని సైగ చేశాడు.