రెండు దేనారములు

లూకా సువార్త పదో అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానంలో, యెరూషలేము నుంచి యెరికోకు వెళ్తున్న ఒక మనిషిని దొంగలు దోచుకుని, కొట్టి, కొనప్రాణంతో వదిలేస్తారు. ఒక యాజకుడూ, ఆలయ సేవ చేసే లేవీయుడూ పక్కగా పోతారు. యూదులకు పడని సమరయుడు ఆగి సాయం చేస్తాడు. ఈ కథ సండే స్కూల్ పిల్లలకు కూడా కంఠతా వచ్చు. అందుకేనేమో, 34, 35 వచనాలు వచ్చేసరికి వినేవాళ్ల మనసు అప్పటికే చివరి పాట మీదికి పోతుంది. కనికరం అంటే చేతులతో ఏం చేయాలో వరసగా రాసి ఉన్నది మాత్రం అక్కడే.

యాజకుడూ చూశాడు, లేవీయుడూ చూశాడు, సమరయుడూ చూశాడు. మూడు చోట్లా "చూచి" అనే ఉంది. యాజకుడి తరఫున మన ప్రసంగాల్లో ఒక సాకు వినిపిస్తుంటుంది: శవమనుకుని ఉంటాడు, ముట్టుకుంటే మైలపడి ఆలయ సేవకు పనికిరాడు కదా అని. కానీ గ్రీకు మూలంలో అతను "దిగి" వెళ్తున్నాడు. యెరూషలేము కంటే యెరికో దాదాపు వెయ్యి మీటర్లు పల్లంలో ఉంది. అంటే అతను ఆలయానికి వెళ్తున్నవాడు కాదు, ఆ వైపు నుంచి వస్తున్నవాడు. ఆ సాకు నిలబడదు.

సమరయుడు "జాలిపడి" అన్నచోట గ్రీకులో ఉన్నది పేగుల పేరు మీద పుట్టిన క్రియ. మన వాడుకలో కడుపు తరుక్కుపోవడం అంటామే, అదే. అయితే ఆ జాలికి లూకా ఇచ్చింది ఒక్క మాట. దాని వెనక దగ్గరకు పోవడం, నూనె, ద్రాక్షారసం పోయడం, గాయాలు కట్టడం, తన వాహనం మీద ఎక్కించడం, పూటకూళ్లవాని యింటికి చేర్చడం, ఆ రాత్రి పరామర్శించడం. ద్రాక్షారసం గాయాన్ని కడుగుతుంది, నూనె మంట తగ్గిస్తుంది. కట్టు గుడ్డ ఎక్కడిదో రాయలేదు. ఉన్న పశువు మీద గాయపడినవాణ్ణి ఎక్కించాడంటే, ఆ మిగతా దారి తాను నడిచాడన్నమాటే.

మరునాడు రెండు దేనారాలు తీశాడు. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట పనివాళ్లకు దినానికి ఒక దేనారము కూలి. కాబట్టి ఇది రెండు రోజుల కూలి. పెద్ద మొత్తం కాదు. దాని వెనక అన్న మాటే పెద్దది: "నీవింకేమైనను ఖర్చు చేసినయెడల నేను మరల వచ్చునప్పుడు అది నీకు తీర్చెదను." దొంగలు బట్టలతో సహా దోచుకున్న మనిషి చేతిలో చిల్లిగవ్వ లేదు. బాకీ మిగిల్చి వెళ్తే లేవగానే అతను పూటకూళ్లవాడికి అప్పుపడతాడు. ఆ అప్పు తన మీద వేసుకున్నాడు సమరయుడు. తర్వాత తన దారిన తాను వెళ్లాడు కూడా. పనులన్నీ మానుకుని మంచం పక్కనే కూర్చోమని ఈ కథ ఎవరికీ చెప్పదు.

సంఘంలో ఒకరు ఆసుపత్రిలో చేరితే సాధారణంగా జరిగేది ఇది: ఆదివారం ఆరాధన అయ్యాక పదిహేను మంది యాపిల్ పండ్లతో వెళ్తారు, గట్టిగా ప్రార్థన చేస్తారు, పక్క మంచం రోగి నిద్ర లేస్తాడు. రోగికి కావలసింది వేరు. రాత్రిళ్లు తోడు ఉండడానికి వంతులు వేసుకోవాలి. ఆ జబ్బు ప్రభుత్వ ఉచిత వైద్య పథకం (తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ) కిందికి వస్తుందో లేదో మొదటిరోజే ఆసుపత్రిలోని ఆ పథకం సహాయకులను అడగాలి. ఇంట్లో పిల్లలకు వండిపెట్టేదెవరో తేల్చాలి. ఇద్దరు లోపలికి వెళ్లి, రెండు నిమిషాలు మెల్లగా ప్రార్థించి, మిగతావాళ్లు ఈ పనులు పంచుకుంటే చాలు.

డబ్బు విషయంలో శ్రమ దినాలు, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు, మంచి అవకాశం. మానేసిన పూట భోజనం ఖరీదు అదే రోజు, లేనివారి కోసం పెట్టిన డబ్బాలో వేయాలి. నెలాఖరుకు చూద్దామంటే ఆ డబ్బు ఉండదు. ఉపవాసం ఉండి సాయంత్రం రెట్టింపు ఖర్చుతో బిర్యానీ తింటే డబ్బాలో పడేది ఏమీ ఉండదు, అది వేరే సంగతి. యెషయా 58లో ఉపవాసమంటే "నీ ఆహారము ఆకలిగొనినవారికి పెట్టుట". డబ్బా ఇద్దరు కలిసి తెరిచి లెక్కపెట్టాలి. పుచ్చుకున్నవారి పేరు ప్రకటనల్లోగానీ ప్రార్థన విన్నపాల్లోగానీ చదవకూడదు. బియ్యం సంచి పట్టుకుని ఫోటో దిగమనడం మత్తయి 6లోని బూర ఊదడమే, కాకపోతే ఇప్పుడు వాట్సాప్‌లో.

ఇంకో తప్పు, ఇయ్యవలసింది బిగపట్టి దానం చేయడం. పనిమనిషి జీతం రెండు నెలలు ఆపి క్రిస్మస్‌కు చీర పెడితే బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందనే యాకోబు 5:4 ముందు ఆ చీర నిలవదు.

ఈ విషయంలో ఒంగోలు చరిత్ర గుర్తుచేసుకోవాలి. 1876-78 కరువులో అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చారు. సాయం కోసమే మతంలో చేరుతున్నారన్న మాట రాకూడదని అంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వార్షికోత్సవాల్లో మనం చెప్పుకునేది ఈ అంకె. ఆకలిగా ఉన్న మనిషి నుంచి విశ్వాసాన్ని బదులుగా అడగకుండా ఆగిన ఆ నెలలే నిజానికి ఎక్కువ చెప్పుకోవలసినవి.

కనికరం పేరుతో జరిగే అన్యాయం కూడా ఒకటుంది. భర్త చేతిలో దెబ్బలు తిని వచ్చిన స్త్రీతో "క్షమించమ్మా, ప్రార్థన చెయ్యి" అని అదే రాత్రి ఇంటికి పంపేస్తారు. గాయాలు కడుతూ సమరయుడు ఒక్కసారైనా దొంగలను క్షమించమని ఆ మనిషితో అనలేదు. ముందు సురక్షితమైన చోటు, డాక్టరు, అవసరమైతే మహిళల సహాయవాణి 181 నంబరుకు ఫోను. క్షమాపణ సంగతి లూకా 17:3లో ఉన్న వరసలోనే రావాలి: మొదట "గద్దించుము", తర్వాత అతడు "మారుమనస్సు పొందినయెడల" క్షమించుము. మొదటి మాట దాటేసి రెండోది చదివితే మళ్లీ దెబ్బలు తినేది ఆమే.

ఇక "మరల వచ్చునప్పుడు" అన్న మాట. డిశ్చార్జి రోజున ఆటో నిండా మనుషులుంటారు. కుట్లు విప్పే రోజున ఎవరూ ఉండరు. డిశ్చార్జి కాగితం మీద రాసిన రివ్యూ తేదీని, ఆ రోజు వెంట వెళ్లేవారి పేరుతో సహా, సంఘం పుస్తకంలో అక్కడికక్కడే రాసుకోవాలి.