కాళ్లకు కబురు అందని రోజులు

మొదట అరికాళ్లలో తిమ్మిరి పట్టింది. ఎంత విదిలించినా వదల్లేదు. అంతకు కొద్ది వారాల ముందు విరేచనాలు, జ్వరం వచ్చి వాటంతటవే తగ్గాయి. ఆ రెంటికీ ఈ తిమ్మిరికీ చుట్టరికం ఉంటుందని ఎవరు ఊహిస్తారు? మర్నాటికి మెట్టు మీదికి కాలు లేవలేదు. సాయంత్రానికి కుర్చీ చేతులు పట్టుకుంటే తప్ప లేవలేని స్థితి వచ్చింది. ఇక ఆగేది లేదని అక్క ఆసుపత్రికి తీసుకెళ్లింది.

న్యూరాలజిస్టు చిన్న రబ్బరు సుత్తితో మోకాలిచిప్ప కింద కొట్టారు. కాలు కదల్లేదు. రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా పెనవేసి గట్టిగా లాగమన్నారు. నేను లాగుతుండగా మళ్లీ కొట్టారు. అప్పుడూ కదల్లేదు. ఆ దెబ్బకి కాలు దానంతటదే ముందుకు ఎగరాలి. ఇందులో మెదడు అనుమతి అక్కర్లేదు. తొడ కండరం సాగిందన్న కబురు నరం వెంట వెన్నుపాముకు చేరుతుంది, జవాబు అక్కడి నుంచే అదే కండరానికి వెళుతుంది. మొత్తం వ్యవహారానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. మెదడుకు తెలిసేది ఆ తర్వాతే. నా మోకాలు ఆ మాత్రం బదులు కూడా ఇవ్వలేదు. డాక్టరు ముఖం కాస్త మారింది. “మెదడులో లోపమైతే ఈ స్పందన కొన్నాళ్లకు ఇంకా ఎక్కువవుతుందమ్మా. పూర్తిగా పోయిందంటే నరాల మీదే అనుమానం” అన్నారు.

తర్వాత వెన్నులోంచి నీరు తీశారు. అందులో ప్రొటీన్ ఎక్కువగా ఉంది, కణాలు మాత్రం పెరగలేదు. 1916లో గిలాన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచి వైద్యులు ఇద్దరు సైనికుల్లో గమనించింది సరిగ్గా ఇదే. జబ్బు పేరు గిలాన్ బారే సిండ్రోమ్, పొట్టిగా జీబీఎస్. ఆ సైనికుల నరాల, కండరాల స్పందనలను నమోదు చేసిన స్ట్రోల్ పేరు మాత్రం మధ్యలో ఎక్కడో రాలిపోయింది. పడుకున్నవాళ్లకు పని ఉండదు కదా, ఆయనకు జరిగిన అన్యాయం గురించి నేను చాలాసేపు ఆలోచించాను.

జరిగింది ఇదీ. విరేచనాలు తెచ్చిన సూక్ష్మజీవిపై పోరాడటానికి ఒంట్లో తయారైన రక్షణ బలగం, గుర్తుపట్టడంలో పొరబడి నా నరాల మీద పడింది. నరం పోగు చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ముక్కలు ముక్కలుగా చుట్టుకొని ఉంటుంది. ఆ ముక్కల మధ్య ఖాళీల్లో ఒకదాని నుంచి మరోదానికి దూకుతూ సంకేతం పరుగెడుతుంది. కాళ్ల నరాల్లో ఆ వేగం సెకనుకు 40 మీటర్లు దాటాలి. కాలి మీద చిన్న చిన్న కరెంటు షాకులు ఇచ్చి కొలిస్తే నాది అందులో సగమే వచ్చింది. కొన్నిచోట్ల సంకేతం దారిలోనే ఆగిపోతోంది. నడుము దగ్గర బయలుదేరి కాలి బొటనవేలి దాకా పోయే నరం దాదాపు మీటరు పొడవుంటుంది. అంత దారిలో ఎక్కడ పొర చిరిగినా కబురు తప్పిపోతుంది. జబ్బు పాదాల్లో మొదలై పైకి ఎగబాకడం అందుకే.

పలకరించడానికి వచ్చిన వాళ్లలో చాలామంది ఒకే మాట అన్నారు: “మనసు గట్టి చేసుకో, లేచి నడుస్తావు.” ప్రేమతో అన్న మాటే. కానీ నా మనసుకు ఏ లోటూ లేదు. మెదడు శుభ్రంగా ఆజ్ఞ ఇస్తోంది, కండరం చెక్కుచెదరకుండా ఉంది. నడుమ కబురు మోసేవాడే లేడు. సంకల్పబలం మైలిన్‌ను పుట్టించదు. ఆ మాట వారికి చెప్పాలని ఉన్నా అప్పటికి ముఖం కూడా పట్టు తప్పింది, పెదవులు సరిగా కలిసేవి కావు. రాత్రిళ్లు కళ్లు మూతపడక, చుక్కలు వేసి టేపు అంటించేవారు.

ఐసీయూలో అసలు భయం కాళ్ల గురించి కాదు. నర్సు వచ్చినప్పుడల్లా ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలనో చెప్పమనేది. ఇరవై దాకా కూడా వెళ్లలేని పూట ఆమె ఏమీ అనకుండా వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చింది. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరాన్ని ఆడించే నరం మెడలోంచి దిగుతుంది. జబ్బు అంత పైదాకా పాకితే వెంటిలేటరే గతి. జీబీఎస్ వచ్చినవాళ్లలో నలుగురైదుగురిలో ఒకరికి ఆ అవసరం పడుతుంది. నాకు అంచుదాకా వచ్చి ఆగింది.

గుండె మరో తంటా తెచ్చింది. కదలకుండా పడుకున్నా ఒక్కసారిగా దడదడలాడేది, కాసేపటికి మందగించేది. మంచం తల కాస్త ఎత్తితే చాలు, రక్తపోటు పడిపోయి కళ్లు చీకట్లు కమ్మేవి. లేచి కూర్చోగానే కాళ్లలోని రక్తనాళాలు బిగిసి, రక్తాన్ని కిందికి జారకుండా ఆపాలి. పుట్టినప్పటి నుంచీ నాకు చెప్పకుండా, నన్ను అడగకుండా ఆ పని జరుగుతూ వచ్చింది. ఆగిపోతే గానీ అలాంటి పని ఒకటి ఉందనే తెలియలేదు. నడక పోవడం కన్నా ఇదే నన్ను ఎక్కువ కదిలించింది. “నా శరీరం” అని ఎంత ధీమాగా అంటాం! అందులో నేను నడిపేది ఏపాటి?

చికిత్స ఐదు రోజుల పాటు రక్తనాళంలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్. వేలమంది దాతల ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, నుంచి తీసిన యాంటీబాడీలవి. రక్తంలోని ప్లాస్మాను మార్చే పద్ధతి కూడా దీనికి సాటిగా పనిచేస్తుందట. ఎన్నో జబ్బుల్లో ఆదుకునే స్టెరాయిడ్లు మాత్రం దీనికి అక్కరకు రావు. మందు పడగానే లేచి కూర్చోలేదు. ముందు దిగజారడం ఆగింది, తర్వాత చాలాకాలం ఎక్కడి గొంగళి అక్కడే.

తిరుగు ప్రయాణం పైనుంచి కిందికి సాగింది. ముఖం, చేతులు ముందు తేరుకున్నాయి, పాదాలు అన్నిటికన్నా చివర. పొర మాత్రమే చిరిగితే, దాన్ని తయారుచేసే ష్వాన్ కణాలు మళ్లీ చుట్టగలవు, దానికి వారాలో నెలలో చాలు. లోపలి పోగే తెగితే అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి. అలా మీటరు దూరం ఎంతకాలానికి చేరుతుందో ఒక రాత్రి లెక్క వేసి, వెంటనే ఆ ఆలోచన మానేశాను.

ఫిజియోథెరపిస్టు ఒక పరీక్ష చేసేవాడు. నా కళ్లు మూయించి, కాలి బొటనవేలును పక్కల నుంచి పట్టుకొని కొంచెం పైకో కిందికో వంచేవాడు. “ఎటు వంచానండీ?” అని అడిగేవాడు. తాకుతున్నాడని లీలగా తెలిసేది, ఎటో మాత్రం తెలిసేది కాదు. “పైకి” అనేదాన్ని, అది కింద ఉండేది. పాదం ఎక్కడుందో చూడకుండానే తెలియడం కూడా నరాలు మోసే కబురేనని అప్పుడు అర్థమైంది. కళ్లు తెరిచి నిలబడగలిగాక కూడా, మూస్తే నిలువునా ఊగేదాన్ని. చాలా రోజులు నేలకేసి చూస్తూ నడిచాను. కండరం బలపడినంత తొందరగా ఆ ఎరుక తిరిగి రాలేదు.

ఇప్పుడు మెట్లు ఎక్కుతాను, రెయిలింగ్ పట్టుకోకుండానే. సుత్తి దెబ్బకు మోకాలి స్పందన (రిఫ్లెక్స్) తిరిగొచ్చింది, చీలమండది రాలేదు. బహుశా రాదని, దాని వల్ల నడకకు వచ్చే నష్టం ఏమీ లేదని డాక్టరు చెప్పారు. అలసట మాత్రం ఇంకా వదల్లేదు. మధ్యాహ్నానికి అరికాళ్లు చిమచిమలాడతాయి. ఆ పూట పని ఆపి పడుకుంటాను, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా.