ఓటు వేసినందుకు పోయిన లైసెన్సు

పాత ఇంగ్లండు కోర్టు తీర్పులు చదువుతుంటే పెన్రిన్ కేసు దగ్గర ఆగిపోయాను. రాత్రంతా అదే ఆలోచన.

కార్న్‌వాల్‌లో చిన్న ఊరు పెన్రిన్. అప్పట్లో ఏల్ అనే బీరు అమ్మాలంటే స్థానిక మేజిస్ట్రేట్ల లైసెన్సు ఉండాలి. 1552 నుంచీ ఉన్న పద్ధతే. 1729 చట్టంతో ఆ డివిజన్ మేజిస్ట్రేట్లంతా కూర్చునే సమావేశంలోనే లైసెన్సులివ్వాలన్నారు. ఏటా మళ్ళీ తెచ్చుకోవాలి. వాళ్ళు కాదంటే పై కోర్టుకు అప్పీలు లేదు. అంటే ఒక కుటుంబం తిండి ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల చేతిలో!

పెన్రిన్ మేజిస్ట్రేట్లు తాము చెప్పిన పార్లమెంటు అభ్యర్థులకు ఓటెయ్యని దుకాణదారులకు లైసెన్సులు ఆపేశారు. అప్పుడు రహస్య ఓటు లేదు కదా, అది వచ్చింది 1872లో. ఎవరు ఎవరికి వేశారో ఊరందరికీ తెలుసు.

1762లో కేసు లండన్‌లోని పెద్ద కోర్టు కింగ్స్ బెంచ్‌కు చేరింది. ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్. లైసెన్సు ఇవ్వడం, ఇవ్వకపోవడం మేజిస్ట్రేట్ల విచక్షణే, ఇవ్వనంత మాత్రాన నేరం కాదు, కానీ దాని వెనక దురుద్దేశం ఉంటే ఊరుకోం అని కోర్టు వాళ్ళ మీద క్రిమినల్ కేసు నడపడానికి అనుమతిచ్చింది. చదివి గుండె నిండిపోయింది నాకు.

కానీ ఆ బీరు దుకాణాల వాళ్ళ సంగతో? లండన్‌దాకా వెళ్ళి పోరాడే స్తోమత ఎందరికి ఉంటుంది? క్వార్టర్ సెషన్స్‌కు, అంటే మూడు నెలలకోసారి కూర్చునే స్థానిక కోర్టుకు, అప్పీలు చేసుకునే హక్కు 1828 చట్టంతోగానీ రాలేదు. ఈలోగా ఎన్ని దుకాణాలు మూతపడ్డాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది.