డల్లాస్‌లో మంచు, ఇక్కడ మా అమ్మకి టెన్షన్

"నల్లా బంద్ చెయ్‌రా, నీళ్లన్నీ పోతున్నయ్!" అని అమ్మ వీడియో కాల్‌లో అరుస్తుంటే మా తమ్ముడు అక్కడ డల్లాస్‌లో రెండు స్వెటర్లేసుకుని నవ్వుతుండు. కావాలనే సన్నగా వదిలిండంట, నీళ్లు కదులుతుంటే పైపులు గడ్డకట్టి పగలకుండా ఉంటయంట, సింక్ కింద తలుపులు కూడా తీసే పెట్టిండు, ఇంట్లో వేడి పైపులకి తగలాలని.

రోజు విడిచి రోజు నల్లా వచ్చే ఇంట్లో ఉండే మా అమ్మకి ఇది అస్సలు ఎక్కలే 😄

దుప్పట్లు, టార్చ్, పవర్‌బ్యాంక్, పొయ్యి అక్కర్లేని తిండి, అన్నీ రెడీ అన్నడు. కరెంట్ పోతే బొగ్గుల కుంపటి పెట్టుకో అంది అమ్మ. అప్పుడు మాత్రం వాడు సీరియస్ అయిండు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంట్ పోయినప్పుడు జనం ఇంట్లో బొగ్గులు కాల్చుకుని, గ్యారేజ్‌లో కార్ ఆన్ చేసుకుని కూర్చున్నరు, వాటిల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషపు గ్యాస్‌కి వాసన ఉండదు కదా, కొందరు అట్లనే పోయిండ్రు.

చలికి మా వాచ్‌మన్ కూడా గదిలో బొగ్గులు పెట్టుకుని తలుపేసుకుంటడు. అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి సీదా కిందికి పోయింది, తమ్ముడేమో "హలో, హలో" అంటనే ఉన్నడు.