విల్ట్ వందా, రసెల్ పదకొండా

శనివారం, రాత్రి పదిన్నర.

బాస్కెట్‌బాల్‌లో అందరికంటే గొప్పవాడెవడని పొద్దున ఇడ్లీల దగ్గర మొదలైన తగువు రాత్రి భోజనాల దాకా తెగలేదు. మావాడికి పదమూడేళ్లు. వాడి లెక్కలో బాస్కెట్‌బాల్ 2003లో, లెబ్రాన్ జేమ్స్ ఎన్‌బీఏలోకి, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగులోకి, వచ్చిన ఏడాది పుట్టింది. మావారి లెక్కలో అదే ఆట 1998లో, మైకేల్ జోర్డాన్ ఆరో టైటిల్ గెలిచిన రోజున ముగిసిపోయింది. మధ్యలో నేను చట్నీ గిన్నె అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటాను.

మావారి జోర్డాన్ భక్తికి మూలం కోఠీలో కొన్న ఎర్ర టోపీ, జోర్డాన్ జట్టు బుల్స్‌ది. టోపీ కొన్న ఎన్నేళ్లకో గాని ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా చూడలేదట, ఆయనే చెప్పారు. వాదనకి మాత్రం అదేమీ అడ్డం రాదు. "ఆరు ఫైనల్స్ ఆడాడు, ఆరూ గెలిచాడు, ఆరుసార్లూ ఫైనల్స్ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు, అతనే. మీవాడు పది ఆడి నాలుగు గెలిచాడు" అన్నారు. వాడు ఇడ్లీ నముల్తూనే, "మరి ఫైనల్స్ దాకా రాకుండానే ఓడిపోయిన ఏళ్లు ఎవరి ఖాతాలో వేస్తారు నాన్నా? ఫైనల్లో ఓడితే తప్పు, మొదటి రౌండ్లో ఓడితే ఒప్పా?" అన్నాడు. జోర్డాన్ మొదటి మూడేళ్లూ ప్లేఆఫ్స్ మొదటి రౌండ్లోనే ఇంటికి వెళ్లిన మాట నిజమే. మావారు కారప్పొడి డబ్బా ఎక్కడుందని అడిగారు. 2016లో లెబ్రాన్ జట్టు, ఆ సీజన్లో 73 మ్యాచ్‌లు గెలిచిన వారియర్స్ మీద ఫైనల్స్‌లో 3-1 వెనకబడి కూడా టైటిల్ కొట్టిన కథ వాడు మొదలుపెట్టేలోపు ప్రాక్టీసు టైమయింది. బతికాం.

ప్రాక్టీసు ఇక్కడ పెన్సిల్వేనియాలోని హెర్షీ వైపు. చాక్లెట్ కంపెనీ ఊరు, వీధి దీపాలు కూడా కిస్సెస్ చాక్లెట్ ఆకారంలోనే ఉంటాయి. వాడికి చిన్నప్పుడు ఆ దీపాలంటే ప్రాణం, ఇప్పుడు తల కూడా ఎత్తడు. అమ్యూజ్‌మెంట్ పార్కు పక్కనున్న పాత అరీనాని చూపించి, 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లెయిన్ వంద పాయింట్లు కొట్టింది అందులోనేరా అన్నాను. "వీడియో లేదుగా" అన్నాడు. వీడియో లేనిది జరగనట్టే వాళ్ల తరానికి.

వీడియో లేని మాట నిజం. ఆ రోజు టీవీ వాళ్లెవరూ రాలేదు. హాల్లో ఉన్నది 4,124 మంది. రేడియో ప్రసారంలో నాలుగో క్వార్టర్ మాత్రం మిగిలింది. ఇక మిగిలింది, '100' అని రాసిన కాగితం పట్టుకుని విల్ట్ కూర్చున్న ఫొటో. ఫిలడెల్ఫియా వారియర్స్ 169, న్యూయార్క్ నిక్స్ 147. చివర్లో ఆట కాస్త తమాషాగానే నడిచింది. వంద ఆపాలని నిక్స్ వాళ్లు విల్ట్‌ని వదిలి మిగతావాళ్లకి ఫౌల్ చేయడం, బంతి త్వరగా తిరిగి రావాలని వారియర్స్ వాళ్లూ ఎదురు ఫౌల్ చేయడం. అంతా విని మావాడు "అయితే అది ఫేక్" అని తేల్చేశాడు. ఫేక్ ఏమిటి, 63 షాట్లు వేసి 36 బుట్టలో పడేస్తే! పైగా ఫ్రీ త్రోలంటే, ఫౌల్‌కి బదులుగా ఇచ్చే షాట్లంటే, హడలిపోయే మనిషి, ఆ రాత్రి 32కి 28 వేశాడు.

జిమ్‌లో బెంచీల మీద తల్లులంతా ఫోన్లలో ఉన్నారు. స్కోరు యాప్ ఇవాళ నా చేతికి వచ్చింది. పిల్లలందరూ స్టెఫ్ కరీలే, గీతకి ఆమడ దూరం నుంచి విసరడమే. వీళ్లలో ఒక బక్కపలచటి అబ్బాయి ఉన్నాడు. పాయింట్లు దాదాపు కొట్టడు. కానీ వాడు దిగితే అవతలి జట్టుకి బుట్ట కిందకి రావాలంటే భయం. వస్తారు, వాణ్ణి చూస్తారు, బంతి వెనక్కి ఇచ్చేస్తారు. ఆ వెనక్కి ఇచ్చేయడాన్ని ఎక్కడ నొక్కాలో యాప్‌లో వెతికాను. అలాంటి బటనే లేదు. ప్రాక్టీసు అయ్యాక వాడి పేరు పక్కన సున్నా.

నేను ఆసుపత్రి డేటా పనిలో ఉన్నదాన్ని. కాలమ్ లేకపోతే ఆ పని జరగనట్టే, నెలాఖరు రిపోర్టులో దానికి చోటుండదు. ఎన్‌బీఏ సంగతీ అంతే. బ్లాకులు (అవతలివాడి షాట్‌ని అడ్డుకోవడం), స్టీల్స్ (బంతి లాక్కోవడం) లెక్కపెట్టడం మొదలైంది 1973-74 సీజన్ నుంచి. అప్పటికి విల్ట్, అతని ప్రత్యర్థి, బోస్టన్ సెల్టిక్స్ ఆటగాడు బిల్ రసెల్ ఇద్దరూ రిటైరైపోయారు. రసెల్ బతుకంతా బ్లాకులే, అతని ఖాతాలో మాత్రం ఒక్కటి కూడా లేదు. ఫైనల్స్ ఎంవీపీ ఇవ్వడం మొదలైంది 1969లో, రసెల్ ఆఖరి ఏడాది. అది కూడా ఓడిన జట్టులోని జెర్రీ వెస్ట్‌కి ఇచ్చారు. అంటే 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన మనిషికి ఫైనల్స్ ఎంవీపీ ఒక్కటీ లేదు. 2009లో ఆ ట్రోఫీకే రసెల్ పేరు పెట్టారు. మనవాళ్ల విగ్రహాల రాజకీయం గుర్తొచ్చింది.

మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ ల్యాప్‌టాప్ ముందు పెట్టుకున్నాను. మడతలు సగంలోనే ఆగిపోయాయి.

నన్ను పట్టేసింది 1961-62 సీజన్. ఆ ఏడాది విల్ట్ సగటు మ్యాచ్‌కి 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతి అందుకోవడం). మ్యాచ్ 48 నిమిషాలైతే ఈయన సగటున 48.5 ఆడాడు, ఓవర్‌టైములు కలుపుకుని. ఆస్కార్ రాబర్ట్‌సన్ అదే ఏడాది 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు (తోటివాడి బుట్టకి దారితీసిన పాసులు). ఏడాది పొడుగునా ట్రిపుల్ డబుల్ సగటు, మూడూ పదికి తగ్గకుండా, అన్నమాట. మళ్లీ ఇంకొకరు దాన్ని అందుకోవడానికి 2017 దాకా పట్టింది. రసెల్‌వి 18.9 పాయింట్లు, 23.6 రీబౌండ్లు. ఆ సీజన్ మొత్తానికి ఎంవీపీ ఎవరయ్యా అంటే, రసెల్! విల్ట్ రెండు, ఆస్కార్ మూడు.

ఇందులో అసలు కీలకం, ఆ రోజుల్లో ఎంవీపీ ఓటు వేసింది విలేకరులు కాదు, ఆటగాళ్లే. రాత్రి విల్ట్ చేతిలో యాభై తిన్నవాళ్లే తెల్లారి రసెల్‌కి ఓటేశారు. బుట్ట కిందకి వెళ్దామా వద్దా అని కాళ్లు తడబడింది వాళ్లకే కదా.

ఆ కాలం అంకెల్ని యథాతథంగా తీసుకోవడం కుదరదు కూడా. జట్టుకి మ్యాచ్‌లో సుమారు 107 షాట్లు, ఇప్పుడు తొంభై లోపే. వేసినవాటిలో నూటికి 43 కూడా పడేవి కావు. తప్పిన షాటల్లా ఎవరో ఒకరికి రీబౌండే, అందుకే పాతిక రీబౌండ్లు. విల్ట్ కాక ఇంకో అయిదుగురు ఆ ఏడాది ముప్ఫై సగటు దాటారు. మూడు పాయింట్ల గీత 1979 దాకా ఎన్‌బీఏలో లేనే లేదు. మరోపక్క విల్ట్‌ని కట్టడి చేయడానికని బుట్ట ముందరి లేన్‌ని 1964లో 12 అడుగుల నుంచి 16 అడుగులకి పెంచారు. అయినా విల్ట్ కొడుతూనే ఉన్నాడు. జోర్డాన్ రోజుల్లో ఆటగాడి నడుం మీద చెయ్యి వేసి ఆపేవాళ్లు, 2004 నుంచి దాన్ని గట్టిగా ఫౌల్ అంటున్నారు. అప్పట్లో జోన్ డిఫెన్స్ (ఒక ఆటగాణ్ణి కాకుండా కోర్టులో ఒక చోటుని కాపలా కాయడం) నిషేధం, 2001 నుంచి సరే అన్నారు. ఎవరికి ఏది కలిసొచ్చిందో, ఏది ఎదురు తిరిగిందో ఎవరు తూస్తారు?

తక్కెడలో పట్టనివి ఇంకా ఉన్నాయి. ఆ సీజన్ మొదలవబోతుండగా, 1961 అక్టోబరులో, సెల్టిక్స్ ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్‌కి కెంటకీలోని లెక్సింగ్టన్ వెళ్లారు. హోటల్ కాఫీ షాపులో నల్లజాతి ఆటగాళ్లకి తిండి పెట్టం అన్నారు. రసెల్, అతని తోటివాళ్లు ఆడకుండా వెనక్కి వచ్చేశారు. ఎంవీపీ వచ్చింది ఆ సీజన్‌కే. ఇప్పటివాళ్లు పాతవాళ్ల శరీర దారుఢ్యం గురించి, అప్పటి ప్లంబర్లు, పాలవాళ్లతో ఆడారని ఎకసెక్కాలాడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. సొంత విమానం, సొంత వంటవాడు, నిద్రకి కూడా నిపుణుడు ఉన్న కాలానికీ, కాఫీ పోయని కాలానికీ పోలికా?

సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను, తెనాలిలో అప్పుడే తెల్లారింది. ఈ గొడవంతా చెప్తే, "మీ బుట్టబంతి నాకు తెలీదు గానీ, బ్రాడ్‌మన్ 99.94 ఎవడు దాటాడే?" అన్నారు. నాన్న సచిన్ని కూడా ఒప్పుకోరు. అయితే బ్రాడ్‌మన్ కేసు తేలిక, ఆ కాలంలో మిగతా మహామహులంతా అరవై దగ్గర ఆగిపోయారు. ఒకే కొలబద్ద మీద అందరికంటే అంత ఎత్తున నిలబడ్డవాడితో పేచీ ఏముంది? 1962లో ఆ కొలబద్ద మీద ఎత్తున ఉన్నది విల్ట్, ఆటగాళ్లు వేలు చూపించింది రసెల్ వైపు. నాన్న "అయితే మీ ఆటలో స్కోరుబోర్డు దండగ" అని, పాలవాడు వచ్చాడంటూ పెట్టేశారు.

రాత్రి పప్పుచారు వడ్డిస్తూ ప్రకటించాను, నా ఓటు రసెల్‌కి అని. తండ్రీకొడుకులు మొదటిసారి ఏకమయ్యారు.

"చాలా ఏళ్లు ఎనిమిది, తొమ్మిది జట్లే ఉన్న లీగులో పదకొండు టైటిళ్లు ఏం గొప్ప?" మావారు.

"జట్లు అంత తక్కువుంటే ప్రతి జట్టులోనూ మొనగాళ్లే ఉంటారు. విల్ట్‌ని ఏడాదికి పదేసి సార్లు ఎదుర్కోవాలి. మీ జోర్డాన్‌కి ఇరవై పైచిలుకు జట్లలో అలాంటివాళ్లు ఎందరు తగిలారండీ?"

"చుట్టూ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లే కదమ్మా" మావాడు. ఇది గట్టి దెబ్బే. కూజీ, శామ్ జోన్స్, హావ్లిచెక్, అందరూ సెల్టిక్సే. దానికి నా దగ్గరున్న జవాబు 1969. సెల్టిక్స్ ముసలివాళ్లయిపోయారు, రసెలే ఆటగాడు, రసెలే కోచ్. ఎదురుగా లేకర్స్‌లో విల్ట్, వెస్ట్, బేలర్. ఫైనల్స్ ఏడో మ్యాచ్ లేకర్స్ సొంత హాల్లో. గెలుస్తామన్న ధీమాతో లేకర్స్ యజమాని ముందే పైకప్పుకి బెలూన్లు కట్టించాడు. సెల్టిక్స్ 108, లేకర్స్ 106. బెలూన్లు పైనే ఉండిపోయాయి.

మావాడు కాసేపు ఫోన్‌లో ఏదో వెతికి తలెత్తాడు. "అమ్మా, మీ రసెల్ ఫ్రీ త్రోలు నూటికి 56. మా జట్టులో బెంచీ మీద కూర్చోబెడతారు."

"విల్ట్‌వి 51రా" అన్నాను. వాడు దాన్ని కూడా వెతకడం మొదలుపెట్టాడు. మావారు లేచి పెరుగు తెచ్చుకుంటూ, జోర్డాన్‌వి 83 అని వంటింట్లోంచే అరిచారు.